చుక్క కదలకపోతే ఓడ ఆగినట్టేనా?

పోయిన ఎండాకాలం ఒకరోజు ఇంకా తెల్లారకముందే హాలియా నుంచి అమ్మ ఫోన్. "బిడ్డా, గీ చుక్క నిన్న పొద్దటి సంది కదుల్తలేదు. పోరడు మంచిగనే ఉన్నడా? ఓడ గిట్ల ఆగిపోయిందా ఏంది?"

పోరడంటే మా అక్క కొడుకు. బొగ్గు, ఖనిజం మోసే ఓడ మీద థర్డ్ ఆఫీసర్. చుక్క అంటే ఫోన్లో ఓడల మ్యాప్ మీద కనిపించే చిన్న బాణం గుర్తు. ఆ ఫ్రీ యాప్‌ను అక్క తను వేసుకుని ఊరుకోకుండా అమ్మకు కూడా నేర్పింది. ఓడ వైజాగ్ పక్కనున్న గంగవరం రేవులో బొగ్గు దించి, మళ్లీ నింపుకోవడానికి దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవుకు ఖాళీగా బయల్దేరింది. శ్రీలంక దక్షిణపు కొస దాటిన కాసేపటికి మ్యాప్ మీద ఆగిపోయింది. చుట్టూ అంతా నీలమే, పక్కన ఇంకో ఓడ కూడా లేదు. అమ్మకు టెన్షన్ రాక ఏమవుతుంది?

నేను నల్లగొండలో డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్తాను. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయిరావడం తప్ప నీళ్ల మీద తిరిగింది లేదు. కానీ రేడియో సంగతి తెలుసు కాబట్టి ఆ పూట అమ్మకు ధైర్యం చెప్పగలిగాను. ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదిది. తర్వాత మేనల్లుడు సెలవు మీద వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగినవీ, నేను చదువుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకు మొట్టమొదట చెప్పిన మాట ఒకటే. నువ్వు చూస్తున్నది ఓడను కాదమ్మా, ఓడ ఎప్పుడో చెప్పిన మాటను.

దేవరకొండ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూసుకోవడం మనకు అలవాటైంది. బస్సులోని పరికరం ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో లెక్క వేసుకుని, సిమ్ కార్డు ద్వారా దగ్గర్లోని సెల్ టవర్‌కు చెప్తుంది. దారి పొడవునా టవర్లుంటాయి కాబట్టి చుక్క నడుస్తూనే ఉంటుంది. ఓడలోనూ జీపీఎస్ ఉంటుంది. తానెక్కడుందో ఓడకు తెలుసు. చిక్కల్లా ఆ సంగతి బయటివాళ్లకు చెప్పడంలోనే ఉంది. నడిసముద్రంలో టవర్ ఎవరు పాతుతారు?

ఓడలు ఆ పనికి వాడేది ఏఐఎస్, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. పోలీసుల వైర్‌లెస్ సెట్టు లాంటి వీహెచ్‌ఎఫ్ రేడియోనే, కాకపోతే మాటల బదులు అంకెలు పంపుతుంది. 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అని దీనికి రెండు చానళ్లు. ఏ దేశపు ఓడైనా ఈ రెండింటి మీదే చెప్పాలి. దేశాల మధ్య తిరిగే, 300 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణానికి కొలత), ఆపైన ఉన్న ఓడలకు, సైజుతో పని లేకుండా ప్రయాణికుల ఓడలకు 2004 చివరికల్లా ఇది తప్పనిసరి అయింది. తన తొమ్మిది అంకెల గుర్తింపు నంబరు (మన దేశపు ఓడైతే 419తో మొదలవుతుంది), ఉన్న చోటు, వేగం, పోతున్న దిక్కు, ముక్కు ఎటు తిరిగి ఉంది, ఎంత జోరుగా మలుపు తీసుకుంటోంది, ఇవన్నీ ఓడ ఎవరూ అడగకుండానే చాటింపు వేస్తూ పోతుంది. చాటింపు అని కావాలనే అంటున్నాను. ఊళ్లో డప్పు కొట్టి చెప్పినట్టు, అది ఫలానా ఇంటికని కాదు, వినపడినంత మేర అందరికీ.

ఎంత మేర వినపడుతుంది? ఈ రేడియో తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమేమో వంగి ఉంది. అందుకని అంతా యాంటెన్నా ఎత్తు మీద ఆధారపడుతుంది. ఓడ నుంచి ఓడకు ఇరవై నాటికల్ మైళ్ల చుట్టుపక్కల, ఒడ్డున ఎత్తైన చోట రిసీవర్ ఉంటే నలభై దాకా. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. మన తీరం పొడవునా లైట్‌హౌస్‌ల దగ్గర ఈ చాటింపు వినే కేంద్రాలున్నాయి. ఫ్రీ యాప్‌లు బతికేది ఎక్కువగా ఇలాంటి ఒడ్డు మీది చెవుల మీదే. ఓడ దూరం పోయాక అది అరుస్తూనే ఉంటుంది, వినే దిక్కు ఉండదు. అప్పుడు యాప్ ఆఖరుసారి విన్న చోట బాణాన్ని అట్లాగే వదిలేస్తుంది. అమ్మ చూసింది అదే. బాణం మీద వేలు పెట్టమన్నాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఆఖరి సమాచారం వచ్చి 22 గంటలైందని ఉంది. నన్నడిగితే ఆ ముక్కను పైన పెద్దక్షరాల్లో వేయాలి, ఓడ పేరు చిన్నగా వేసినా ఫర్వాలేదు.

డబ్బు కట్టేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఒడ్డు మీద చెవి చాలకపోతే ఆకాశంలో పెట్టడం. ఇస్రో 2011 ఏప్రిల్ 20న పంపిన రిసోర్స్‌శాట్-2లో పంటలు, నేలల ఫొటోలు తీసే కెమెరాలతో పాటు కెనడా నుంచి వచ్చిన ఏఐఎస్ రిసీవర్ ఒకటి ప్రయోగంగా వెళ్లింది. ఇప్పుడు ఈ వ్యాపారం కోసమే చిన్న ఉపగ్రహాల గుంపులు తిరుగుతున్నాయి. అయితే పైనుంచి వినడంలో ఒక తిరకాసు ఉంది. అది తెలియాలంటే ఓడలు వంతులు ఎలా వేసుకుంటాయో చూడాలి.

వడ్ల సీజన్లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ ఆగితే టోకెన్లు పెట్టారు, గుర్తుందా? టోకెన్ ఇవ్వడానికి ఒక ఆఫీసు, దాని ముందు మళ్లీ ఒక లైను. సముద్రంలో టోకెన్లు ఇచ్చేవాడెవడూ లేడు. ఒక నిమిషాన్ని ఒక్కో చానల్ మీద 2,250 ముక్కలు చేశారు. ముక్క సుమారు 27 మిల్లీసెకన్లు. ఓడ ముందు కాసేపు వింటుంది, ఖాళీగా ఉన్న ముక్క చూసుకుంటుంది, తన మాట చెప్తూనే తర్వాత ఏ ముక్కలో మాట్లాడబోతుందో కూడా చెప్తుంది. విన్నవాళ్లు ఆ ముక్కను వదిలేస్తారు. అందరి గడియారాలూ జీపీఎస్ టైముకే కట్టుబడి ఉంటాయి కాబట్టి ఒకరి వంతులో ఒకరు దూరరు. పెత్తనం చేసేవాడు లేకుండా వేల ఓడలు క్యూ పాటించడం చూస్తే, ఇది కనిపెట్టినవాళ్లను ఒకసారి మార్కెట్ యార్డుకు తీసుకురావాలనిపిస్తుంది.

ఈ సర్దుబాటు ఒకరి మాట ఒకరికి వినపడే దూరంలోనే చెల్లుతుంది. వైజాగ్ దగ్గరి ఓడలకు చెన్నై దగ్గరి ఓడల వంతులతో పనిలేదు, అటువైపు నుంచి ఏమీ వినపడదు కాబట్టి. ఉపగ్రహానికి మాత్రం రెండూ వినపడతాయి, ఒకే క్షణంలో. రద్దీ సముద్రాల మీద అలా మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కొన్ని పోతాయి. డబ్బు కట్టినా చుక్క మీద పూర్తి భరోసా లేదన్నమాట.

ఇవి కాక ఎల్‌ఆర్‌ఐటీ అని ఇంకో ఏర్పాటు ఉంది. ఓడ ఆరు గంటలకోసారి ఉపగ్రహం ద్వారా తానున్న చోటును తన జెండా దేశానికి, అంటే తాను రిజిస్టరైన దేశానికి చేరవేస్తుంది. మనలాంటి వాళ్లకు అది కనిపించదు. అమ్మకు కావాల్సిన ధైర్యం మాత్రం ఇందులోనే ఉంది. ఓడ మాయమైంది అమ్మ ఫోన్లోనే, తెలియాల్సిన వాళ్లకు దాని సంగతి తెలుస్తూనే ఉంది.

క్లాక్ టవర్ దగ్గర బ్రేక్ వేస్తే

లంగరు వేసుకున్న ఓడ మూడు నిమిషాలకోసారి తన చోటు చెప్తుంది. 14 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) లోపు వేగంతో పోతుంటే పది సెకన్లకోసారి. అదే వేగంలో మలుపు తిరుగుతుంటే మూడు సెకన్ల పైచిలుకుకే. 23 నాట్లు దాటితే రెండు సెకన్లకు. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ మలుపు సంగతి. తిన్నగా పోయేవాడు పది సెకన్లు నోరు మూసుకున్నా ఎక్కడుంటాడో మనం ఊహించగలం. దిక్కు మార్చేవాణ్ని ఊహించలేం, కాబట్టి వాడు ఎక్కువసార్లు చెప్పాలి. అంటే ఈ నియమం రాసినవాళ్లు 'విన్నవాడు ముందుకు లెక్క వేసుకుంటాడు' అనుకునే రాశారు.

12 నాట్లంటే గంటకు 22 కిలోమీటర్లు, మన ఊళ్లో మోపెడ్ నడిపే ముసలాయన వేగం. పది సెకన్లలో ఓడ జరిగేది 62 మీటర్లు. మావాడి ఓడ పొడవే 225 మీటర్లు. పది సెకన్ల పాత మాటతో పెద్దగా పోయేదేమీ లేదు. అసలు కష్టం ముందున్న నిమిషాలతో. అంతర్జాతీయ సముద్ర సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం, జోరు మీదున్న ఓడ ఇంజన్‌ను పూర్తిగా వెనక్కి తిప్పితే తన పొడవుకు 15 రెట్ల దూరంలోగా ఆగాలి. మరీ భారీ ఓడలకు 20 రెట్ల దాకా సడలింపు కూడా ఉంది. మావాడి ఓడకు 15 రెట్లంటే మూడు కిలోమీటర్ల పైనే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బ్రేక్ వేస్తే ఊరు దాటాక ఆగే బండి అది.

అందుకే బ్రిడ్జి మీద (ఓడ నడిపే గదిని అట్లా అంటారు) డ్యూటీలో ఉన్న ఆఫీసరుకు పక్క ఓడ ఇప్పుడెక్కడుందన్నది సగం ప్రశ్నే. ఇద్దరం ఇట్లాగే పోతే ఎంత దగ్గరికి వస్తాం? ఎన్ని నిమిషాల్లో? మొదటిదాన్ని సీపీఏ అంటారు, రెండోదాన్ని టీసీపీఏ. మావాడు పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు నిలబడి చూసేది ఎక్కువగా ఈ రెండు అంకెలనే.

ఈ లెక్కను ఏ మిషనూ లేకుండా బస్సులో కూర్చుని చూడొచ్చు. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద కొండమల్లేపల్లి వైపు వస్తున్నారనుకోండి. కిటికీ సీటు. పక్కన చేల మధ్యలోంచి ఇంకో రోడ్డు మన రోడ్డులో కలవడానికి వస్తోంది, దాని మీద ఒక లారీ. తల కదపకుండా కిటికీ ఊచకు ఆనించి లారీని చూడండి. లారీ మెల్లగా ఊచ వెనక్కి జారిపోతుంటే మనం ముందు క్రాసింగ్ దాటతాం. ఊచ ముందుకు వచ్చేస్తుంటే లారీ ముందు దాటుతుంది. ఊచకు అతుక్కున్నట్టు అక్కడే ఉండి, సైజు మాత్రం పెరుగుతోందా, డ్రైవర్‌ను కేకేయండి. ఇద్దరూ ఒకేసారి క్రాసింగ్‌కు వస్తారు.

1972 నాటి అంతర్జాతీయ ఓడల ట్రాఫిక్ నియమాల్లో ఏడోది ఇదే చెప్తుంది. దగ్గరికి వస్తున్న ఓడ దిక్సూచి మీద అదే దిక్కులో కనిపిస్తూ ఉంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఇది చూడ్డానికి కదలనట్టే ఉంటుంది, భయం పుట్టించదు. కంటికి బాగా కదిలేదే మనకు ప్రమాదంగా తోస్తుంది. సముద్రం మీద తరచూ దానికి ఉల్టా.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇక్కడ నుంచి మైలంటే నాటికల్ మైలే. మన ఓడ ఉత్తరానికి 12 నాట్లతో పోతోంది. కుడివైపు ముందు, 8 మైళ్లు తూర్పున, 6 మైళ్లు ఉత్తరాన, అంటే తిన్నగా 10 మైళ్ల దూరంలో ఇంకో ఓడ 16 నాట్లతో పడమరకు వస్తోంది. అరగంటలో మనం 6 మైళ్లు పైకి పోతాం, అది 8 మైళ్లు ఇటు వస్తుంది. ఇద్దరం ఒకే చోట. పావుగంట గడిచాక చూసినా అది మన ముక్కుకు 53 డిగ్రీల కుడి పక్కనే ఉంటుంది, దూరం మాత్రం 5 మైళ్లయి ఉంటుంది. ఊచకు అతుక్కున్న లారీ ఇదే. ఇలా అడ్డంగా వచ్చేటప్పుడు ఎదుటి ఓడ ఎవరి కుడి పక్కన ఉంటే వాళ్లే తప్పుకోవాలని పదిహేనో నియమం. ఇక్కడ తప్పుకోవాల్సింది మనమే. కుడికి తిప్పి దాని వెనక నుంచి పోవాలి.

ఇదే లెక్కలో దాని వేగం 16 కాదు, 15 నాట్లు అనుకోండి. అప్పుడు సీపీఏ సున్నా కాదు, సుమారు 580 మీటర్లు. ఒక్క నాట్ తేడాకు ఢీకొట్టడం కాస్తా దగ్గరగా రాసుకుపోవడం అయింది. తిరగేసి చూస్తే ఇంకా గుబులు పుడుతుంది. స్క్రీన్ మీద 580 మీటర్లు అని కనపడినా, కొలతలో ఒక్క నాట్ తప్పుంటే అది సున్నా కావచ్చు. అందుకే ఏడో నియమంలో ఇంకో వాక్యం పెట్టారు: అరకొర సమాచారంతో, అందులోనూ అరకొర రాడార్ సమాచారంతో, ఒక అభిప్రాయానికి రాకూడదు.

ఆ వాక్యం వెనక మునిగిన ఓడలున్నాయి. 1956 జులై 25 రాత్రి అమెరికాలోని నాంటకెట్ దగ్గర ఇటలీ ప్రయాణికుల ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఢీకొన్నాయి. పొగమంచు ఉంది, అయితే రెండింట్లోనూ రాడార్ ఉంది. చాలాసేపటి ముందు నుంచే ఒకటి ఇంకోదాన్ని తెర మీద చూస్తూనే ఉన్నాయి. రాడార్ చెప్పేది దూరం, దిక్కు మాత్రమే. అవతలి ఓడ ఎటు పోతోందో తెలియాలంటే అప్పట్లో కొద్ది నిమిషాలకోసారి ఆ చుక్కను పెన్సిల్‌తో కాగితం మీద పెట్టి, గీత కలిపి చూడాలి. ఆండ్రియా డోరియాలో చుక్కను చూశారు, గీత గీయలేదు. ఇద్దరూ ఇంకాస్త దూరం జరుగుదామనే తిప్పారు, ఇటాలియన్లు ఎడమకు, స్వీడిష్ వాళ్లు కుడికి. 51 మంది చనిపోయారు. చుక్కను చూడటం వేరు, చుక్క ఎటు పోతోందో తెలుసుకోవడం వేరు అనడానికి ఇంతకంటే చేదు ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ గీతను ఇప్పుడు కంప్యూటరే గీస్తుంది.

కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయి

మరి కబురే అందని ఓడను ఎలా ఊహించాలి? ఇది జీపీఎస్ లేని రోజుల్లో ప్రతి కెప్టెన్‌కూ రోజూ ఉన్న గండమే, కాకపోతే తన ఓడ గురించే. తాడుకు ముడులు వేసి, కొసకు చెక్క కట్టి నీళ్లలో వదిలేవాళ్లు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారితే అంత వేగం. నాట్ అంటే ముడి, ఆ పేరు అలా వచ్చిందే. వేగాన్ని గంటలతో గుణించి, పోయిన దిక్కులో గీత గీస్తే ఇప్పుడున్న చోటు. దీన్నే డెడ్ రెకనింగ్ అంటారు.

అమ్మ చుక్కకు కూడా అదే చేశాం. 22 గంటలు, 12 నాట్లు, అంటే 264 మైళ్లు, దాదాపు 490 కిలోమీటర్లు. అయితే వేగంలో అర నాట్ తప్పుంటే 20 కిలోమీటర్లు అటో ఇటో. దిక్కులో 5 డిగ్రీలు తప్పితే పక్కకు 40 కిలోమీటర్ల పైనే. అందుకని మ్యాప్ మీద చుక్క పెట్టలేం, ఒక గుండ్రం గీయగలం. గంట గంటకూ ఆ గుండ్రం ఉబ్బుతుంది.

గుండ్రాన్ని తగ్గించే పద్ధతిని 1960లో రుడాల్ఫ్ కాల్మన్ అనే హంగేరీలో పుట్టిన ఇంజనీర్ గణితంగా రాశాడు. కాల్మన్ ఫిల్టర్ అంటారు. చంద్రుడి మీదికి పోయిన అపోలో నౌకల నుంచి మన ఫోన్ల దాకా అదే నడుస్తోంది. పాఠం చెప్పేటప్పుడు మ్యాట్రిక్సులు చూడగానే పిల్లల మొహాలు మాడిపోతాయి. అందుకని నేను ఎడమ కాలువతో మొదలుపెడతాను.

సాగర్ నుంచి ఎడమ కాలువకు నీళ్లు వదిలారని పొద్దున తెలిసింది. హుజూర్‌నగర్ వైపు ఆయకట్టు చివర మడి ఉన్న రైతు, పోయిన ఏళ్ల అనుభవంతో ఒక అంచనా వేసుకుంటాడు: ఫలానా పూటకు వస్తాయి. ఇది మొదటి ఊహ. మధ్యాహ్నం హాలియా నుంచి బామ్మర్ది ఫోన్ చేసి "బావా, గిప్పుడే మా దగ్గరకొచ్చినయ్" అన్నాడు. రైతు లెక్క ప్రకారం ఇంకో గంట తర్వాత రావాలి. ఇప్పుడేం చేస్తాడు? తన లెక్కను పూర్తిగా పారేయడు, బామ్మర్ది మాటను గుడ్డిగా పట్టుకోడు. ఆ బామ్మర్ది కాలువ గట్టు మీద నిలబడి చెప్పే రకమైతే అటు ఎక్కువ మొగ్గుతాడు. ఇంట్లో మంచం మీద పడుకుని చెప్పే రకమైతే తన లెక్కనే కాస్త జరుపుతాడు. రెండింటి మధ్య ఎక్కడో కొత్త అంచనా పెట్టుకుంటాడు. తర్వాత వేములపల్లి నుంచి ఇంకో ఫోన్, మళ్లీ సవరణ. ఫోన్ వచ్చినప్పుడల్లా అనుమానం తగ్గుతుంది, రాకుండా గడిచే ప్రతి గంటకూ పెరుగుతుంది.

కాల్మన్ ఫిల్టర్ చేసేది అంతే. ఊహించు, విను, ఎవరి మాట మీద ఎంత నమ్మకమో తూచి కలుపు, మళ్లీ ఊహించు. రాడార్ ఒకటి చెప్తుంది, ఏఐఎస్ ఒకటి చెప్తుంది, ఓడ బరువు ప్రకారం అది హఠాత్తుగా గంతులు వేయలేదన్న సంగతి ఇంకోటి. అన్నీ తూకం వేస్తే నున్నటి గీత ఒకటి వస్తుంది. నమ్మకాన్ని కూడా అంకెగా రాసుకోవడమే ఇందులో గొప్ప.

ఈ మధ్య ఇంకో అడుగు ముందుకేశారు. ఏళ్ల తరబడి పోగైన ఏఐఎస్ గీతలన్నీ కలిపి చూస్తే సముద్రం మీద చేలగట్ల బాటల్లాగా అలవాటు దారులు తేలతాయి. శ్రీలంక కొసన దొండ్రా హెడ్ దగ్గరైతే ఎదురెదురు ఓడలకు వేర్వేరు వరసలే గీసి ఉంచారు. తూర్పు తీరం వెంట దిగే ఓడ అక్కడికొచ్చాక పడమరకు తిరుగుతుందా, నేరుగా కిందికి పోతుందా అన్నది తిన్నటి గీతకు తెలియదు. పాత గీతలతో నేర్పించిన కంప్యూటర్ మోడల్‌కు తెలుస్తుంది. ఇలాంటి ఓడ, ఇంత వేగంతో, ఈ కాలంలో ఎక్కువగా ఎటు తిరిగిందో అది చూసి ఉంటుంది.

కాకపోతే ఈ మోడళ్లకు అలవాటే తెలుసు. ప్రమాదాలేమో అలవాటు తప్పినప్పుడు జరుగుతాయి. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడకు కరెంటు పోయి, వంతెన స్తంభాన్ని గుద్దింది. అది ఎక్కడుందో అందరికీ తెలుసు, చుక్క సరైన చోటే ఉంది. కొద్ది నిమిషాల్లో ఎక్కడికి పోతుందన్నదే మారిపోయింది. ఓడ నుంచి ప్రమాద సందేశం రాగానే పోలీసులు వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపారు. వంతెన మీద పనిచేస్తున్న కూలీలను మాత్రం దించలేకపోయారు, ఆరుగురు చనిపోయారు. వలస కూలీలే వాళ్లు కూడా. పాలమూరు వాళ్లకు ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు.

అవతలివాడి మాట

ఏఐఎస్‌లో చోటు, వేగం పరికరం చెప్తుంది. గమ్యం, చేరే టైము, లంగరు వేశామా పోతున్నామా అన్నవి మనుషులు టైప్ చేస్తారు. మనుషులు కాబట్టి మర్చిపోతారు. 'లంగరు వేసి ఉంది' అని రాసుకుని 12 నాట్లతో పోయే ఓడలు మ్యాప్ మీద వెతికితే దొరుకుతాయి. గమ్యం గడిని ఓడలు బోర్డులాగా కూడా వాడుకున్నాయి. దొంగల భయం ఉన్న చోట 'సాయుధ గార్డులు ఉన్నారు' అని రాసేవాళ్లు. 2024లో ఎర్రసముద్రంలో దాడులప్పుడు కొన్ని ఓడలు 'సిబ్బంది అంతా చైనావాళ్లే' అని రాశాయి. ఇదీ ఒక రకం నావిగేషనే మరి.

అబద్ధం బయటినుంచి కూడా రావచ్చు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో ఉన్న ఇరవై దాకా ఓడల జీపీఎస్‌లు, మీరు ఎయిర్‌పోర్టులో ఉన్నారని చూపించాయి. ఎవరో బలమైన దొంగ సిగ్నల్ పంపారని నిపుణుల అంచనా. ఆ తప్పు చోటునే ఓడలు నిజాయితీగా చాటింపు వేశాయి. ఇక కావాలని ఏఐఎస్ కట్టేసి తిరిగే ఓడలు, చాటింపు వేయని యుద్ధనౌకలు సరేసరి. అదే ఏడాది జూన్, ఆగస్టుల్లో అమెరికా నౌకాదళపు ఫిట్జ్‌జెరాల్డ్, జాన్ ఎస్. మెకెయిన్ సరుకు ఓడలతో ఢీకొని 17 మంది నావికులు పోయారు. ఆ తర్వాతే రద్దీ చోట్ల చాటింపు వేయాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. చిన్న చేపల పడవల్లో చాలావాటికి ఈ పరికరమే ఉండదు. మావాడు ఒక మాటన్నాడు: "మామా, ఏఐఎస్ అంటే ఎదుటోడు చెప్పే మాట, రాడార్ అంటే మన కన్ను. అయినా కిటికీలకెళ్లి బయటికి చూడకుంటే కెప్టెన్ తిడ్తడు."

మనకు సముద్రం లేదని మొదట్లో అన్నట్టు ధ్వనించి ఉంటే ఒక సవరణ. సముద్రం మీది అలలు, గాలులు, ప్రవాహాల అంచనాలు దేశమంతటికీ వెళ్లేది హైదరాబాద్ నుంచే. ప్రగతి నగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఆ పని చేస్తుంది. ఇంజన్ చెడి కొట్టుకుపోయిన పడవలనూ, నీళ్లలో పడ్డ మనుషులనూ వెతకడానికి అక్కడివాళ్లు 2016లో సారాట్ అనే సాధనం తెచ్చారు. ఆఖరుసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో, పోయింది మనిషా, పడవా, తెప్పా చెప్తే, ఆ మొదటి సమాచారంలోనే తప్పుండొచ్చని లెక్కలో పెట్టుకుని, ఏ ప్రాంతంలో దొరికే అవకాశం ఎక్కువో మ్యాప్ మీద చూపిస్తుంది. పడవలో ఉన్నవాళ్లు నోరు విప్పలేని చోట గుండ్రం గీసిపెట్టే పని అది. మనిషికి గాలి తక్కువ తగులుతుంది, ఖాళీ తెప్పకు ఎక్కువ. ఒకే చోట మొదలైనా రెండూ వేర్వేరు దారుల్లో పోతాయి.

అమ్మ విషయానికొస్తే, శ్రీలంక నుంచి రిచర్డ్స్ బేకు సుమారు 3,500 నాటికల్ మైళ్లు, 12 నాట్లతో పన్నెండు రోజులు అని చెప్పాను. గోడ క్యాలెండర్ మీద పన్నెండో గడి చుట్టూ పెన్నుతో గుండ్రం గీసింది. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క అక్కడే ఉంది. మర్నాడు కూడా. నేను గుండ్రాన్ని ఒక్క గడికే గీయనిచ్చి తప్పు చేశానని అప్పుడర్థమైంది. పద్నాలుగో రోజు మధ్యాహ్నం బాణం ఒక్క గంతులో ఆఫ్రికా ఒడ్డుకు చేరింది. బెర్తు (రేవులో ఓడ నిలిపే చోటు) ఖాళీ లేదని, తొందరగా పోయినా లంగరు వేసుకుని పడి ఉండటమేనని దారిలోనే వేగం తగ్గించమన్నారట.

పద్నాలుగో రోజు సాయంత్రం మళ్లీ ఫోన్. లంగరు వేసి ఉందని, మంచిగనే ఉన్నాడని చెప్పాను.

"మూడు నిమిషాలకోసారి చెప్తదంటివి గద," అంది అమ్మ. "ఐదు నిమిషాలాయె. ఇంక చెప్పకపాయె ఏంది?"